సముద్ర చరిత్ర వద్దని మనవి

చరిత్ర శాఖాధిపతి రామకోటేశ్వరరావు గారికి నమస్కారాలు.

ఎం.ఏ. స్పెషలైజేషన్‌కి నేను మధ్య ఆసియా ఎడారుల వర్తక మార్గాలు కోరుకున్నాను. జాబితాలో నా పేరు సముద్ర చరిత్ర కింద ఉంది. మాది బందరు దగ్గర చేపల వేట కుటుంబమనీ, మీరు అందరికీ సొంతూరు చూసే విభాగం కేటాయించారనీ ఆఫీసులో చెప్పారు. కూచిపూడి సాయిశ్రీకి నాట్య చరిత్ర, థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న ఇబ్రహీంపట్నం హేమసుందర్‌కి విద్యుత్ పరిశ్రమల చరిత్ర ఇచ్చారు కాబట్టి పక్షపాతం లేదని ఒప్పుకుంటున్నాను. పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. దాన్ని కారణంగా చూపడం లేదు.

ఈ విభాగంలో తొలి అసైన్‌మెంట్‌గా మీరు చెప్పినట్టే మా అమ్మమ్మను ఇంటర్వ్యూ చేశాను.

"సముద్రం సంగతి నీకు తెలీందేముందే? ఎడార్లో చేపల్లేకుండా జనం ఎట్టా బతికారో అది చదివొచ్చి నాకు చెప్పు" అని బుట్ట ఎత్తుకుని చేపలమ్మడానికి వెళ్లిపోయింది. రికార్డింగ్ జతచేశాను. మొత్తం ఇంటర్వ్యూ అంతే.

దివిసీమ వరి పొలాల మధ్య పెరిగానని మీరు క్లాసులో చెప్పారు. మీ పిహెచ్‌డి ఫ్రెంచి విప్లవం మీద. మీకు ఆ విభాగం ఎవరు కేటాయించారో దయచేసి తెలపండి. ఈ దరఖాస్తు వారికే పంపుకుంటాను.

ఇట్లు,
ప్రస్తుతానికి సముద్ర చరిత్ర విద్యార్థిని