అశోక్‌నగర్‌లో తల్లిగారిల్లు

అశోక్‌నగర్, హైదరాబాద్
ఏప్రిల్ 1996

నా బంగారు నర్మదక్కకు,

ఈ ఉత్తరం ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. అమ్మకు చెప్పకు.

నేనిప్పుడు మా ఆయన కిషన్ రావు ఇంట్లో లేను. ఆయన చెయ్యి చేసుకోవడం అలవాటయ్యాక చిక్కడపల్లి వదిలేసి, ఇక్కడ గది కిరాయికి తీసుకుని బట్టలు కుట్టుకుంటున్నాను. పాప తన్మయిని మాత్రం నాతో పంపలేదు. ఆదివారాలు మా అత్తగారు అరుంధతమ్మ దాన్ని తీసుకొచ్చి కాసేపు చూపించి వెళ్తుంది. వారమంతా ఆ కాసేపటి కోసమే బతుకుతున్నాను.

కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటావు. ఎలా వెళ్లను? మలేషియా పాస్‌పోర్టు మీద వచ్చినదాన్ని. వీసా పొడిగించాలంటే మొగుడి సంతకం కావాలి. ఈయన రేపు, మాపు అంటూ గడువు దాటించాడు. ఇప్పుడు చట్టం ప్రకారం నేనిక్కడ ఉండకూడదు. విడ్డూరం కాకపోతే ఏమిటి! ఈ వీధిలో అందరూ నన్ను శ్రీకాకుళం పిల్ల అనుకుంటారు. మన తాత రబ్బరు తోటల కోసం ఓడెక్కిన సంగతి వీళ్లకేం తెలుసు?

నేను లాయరును కలిశానని తెలిసి మొన్న గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కేసేసినవనుకో, పోలీసోళ్లకు నేనే చెప్త. నీ వీసా ఖతమైంది. విమానమెక్కిస్తరు. బిడ్డ ఈడ్నే ఉంటది."

వేసవి సెలవులవగానే తన్మయిని కరీంనగర్‌లో వాళ్ల చెల్లెలి దగ్గర ఉంచేస్తాడట. అప్పుడు ఆదివారాలూ ఉండవు. అత్తగారు పక్కనే ఉండి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె మీద కూడా నాకు ఒళ్లు మండిపోయింది.

సోమవారం నేనే పోలీసు కమిషనర్ ఆఫీసుకు వెళ్లి, గడువు దాటిపోయిందని చెప్పేస్తాను. బెదిరించడానికి ఆయన దగ్గర ఇంకేమీ మిగలదు. పంపించేస్తే నీ దగ్గరికే వస్తాను. బిడ్డ లేకుండా వస్తాను. అప్పుడు నన్నేమీ అడగకు. నాకు చాలా భయంగా ఉందక్కా.

నీ చెల్లెలు
ప్రభ

*

అశోక్‌నగర్
జూన్ 1996

అక్కా,

నేనింకా ఇక్కడే ఉన్నాను. ముందు ఊపిరి పీల్చుకో.

ఆ సోమవారానికి ముందు ఆదివారం అత్తగారు తన్మయితో పాటు ఒక మూట కూడా తెచ్చింది. విప్పితే పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి, రవిక గుడ్డ. జాలిపడి తెచ్చిందనుకుని, "ఇంట్లో బియ్యం ఉన్నాయత్తయ్యా" అన్నాను. తోటల్లో పెరిగినదాన్ని, నాకేం తెలుసు! కింద ఉండే ఇంటి ఓనరు భార్య భూదేవమ్మ పకపకా నవ్వింది. ఒడిబియ్యమట. ఇక్కడ పెళ్లయిన కూతురికి పుట్టింటివాళ్లు ఒడిలో పోస్తారు. వాళ్లను తల్లిగారు అంటారు. ముత్తైదువ చేత్తోనే పోయాలట; మామగారు లేరు కనుక అత్తగారు భూదేవమ్మను పిలిపించింది.

"అత్త పోయించుడేందక్కా? తల్లిగారు గదా పోసేది!" అంది భూదేవమ్మ.

"గీమెకు ఈడ ఎవరున్నరు? ఇయ్యాల్టి సంది నేనే తల్లిగారు. నువ్వు బియ్యం పొయ్యి."

కొంగు పట్టుకుని ఏడ్చేశాను.

మర్నాడు కమిషనర్ ఆఫీసుకు ఆమె కూడా నాతో వచ్చింది. మాకంటే ముందే కిషన్ రావు ఫిర్యాదు ఇచ్చి వెళ్లాడు.

"ఫిర్యాదు ఇచ్చింది మీ కొడుకే గదమ్మా. మీరెవరి తరఫున వచ్చిన్రు?" అన్నాడు అధికారి.

"నా బిడ్డ తరఫున వచ్చిన సారూ. సంతకం పెట్టకుండ తిప్పిచ్చింది నా కొడుకే. ఏడ అడిగినా చెప్త. పూచీ నాది."

ఆయన ఆమె మాటలు కాగితం మీద రాసుకున్నాడు. కోర్టులో కేసు వేస్తే అది తేలేదాకా ఉండనివ్వమని పైకి రాస్తానన్నాడు. కేసు వేశాను. అనుమతి వచ్చింది. పిల్లను ఊరు దాటించొద్దని, ఆదివారాలు నా దగ్గరికి పంపాలని కోర్టు చెప్పింది. చివరికి ఏమవుతుందో తెలియదు. కొడుకు తలుపు తీయకపోవడంతో అత్తగారు ఇప్పుడు నా గదిలోనే ఉంటోంది.

ఒడిబియ్యం అత్తగారింట్లో వండి నలుగురికీ పెట్టాలట. ఎక్కడ వండాలని అడిగితే, "అత్తను నేనీడ్నే ఉన్న గద, ఈడ్నే వండు" అంది. నిన్న ఆదివారం, తన్మయి వచ్చాక వండాను. తన్మయి కంచం ముందు కూర్చుని ఆమెనే చూస్తూ, "నానమ్మా, మరి నువ్విప్పుడు అమ్మమ్మవా?" అని అడిగింది.

ఆమె కళ్లు తుడుచుకుని, "ముందుగాల బువ్వ తిను" అంది.

అమ్మకు ఇప్పుడు చెప్పు.

నీ
ప్రభ