వేళ్లు మానేదాకా

2 ఆగస్టు 2008, కాశీబుగ్గ

సీటు ఖాయమైందని మావ నెట్ సెంటర్ నుంచి ఫోన్ చేశాడు. ఇంగ్లండులో ఏడాది చదువు, ఫుడ్ టెక్నాలజీ. మా వీధిలో అందరికీ అది లండనే. నేను వెళ్లాల్సింది దానికి చాలా పైన, పేరు పలకడానికి నాకే ఇంకా నోరు తిరగని ఊరు. ఇక వీసా ఒక్కటే మిగిలింది. పద్నాలుగున హైదరాబాదులో హాజరవ్వాలి.

అమ్మ అప్పుడే పెరట్లోని షెడ్డులోకి పోయి, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లందరికీ చెప్పేసింది. వాళ్ల నవ్వులు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. నాకు మాత్రం మధ్యాహ్నం అన్నం దిగలేదు.

5 ఆగస్టు

ఇంతవరకూ నా దూరమంతా టెక్కలి కాలేజీ. బస్సులో పోవడం, సాయంత్రానికి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చోవడం. అక్కడ దారి తప్పితే ఎవరిని అడగాలి... ఒంట్లో బాగోకపోతే తలుపు తట్టేదెవరు... వాళ్ల మాట అర్థం కాకపోతే ఎన్నిసార్లని మళ్లీ చెప్పమంటాను...

వీసా వాళ్లు అడుగుతారని మావ ఇంగ్లీషులో ప్రశ్నలు వేస్తున్నాడు. ఈ కోర్సే ఎందుకని అడిగాడు. జవాబు తెలుసు. నోరు పెగల్లేదు.

"ఏటే, నోట్లో పిక్క పెట్టుకున్నావేటి?"

నవ్వాను. తర్వాత నూతి దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాను. కడుక్కుంటూ ఏడ్చాను.

6 ఆగస్టు

వెళ్లనని చెప్పేయాలి. ఎవరితో?

7 ఆగస్టు

హైదరాబాదులో వేలిముద్రలు తీసుకుంటారట. ఆ మాట వినగానే అమ్మకి కోపం ముంచుకొచ్చింది. "డిగ్రీ సదివిన పిల్లకి ఏలిముద్రేటి? సంతకం రాదనుకున్నారేటి ఆళ్లు?"

మావ సర్దిచెప్పాడు. "అలగ కాదక్కా, అందరికీ అదే రూలు. రేషన్ కాడ లాగ సిరా పూసి అద్దించుకుంటారు, అంతే."

సిరాయే కదా అని ఆ సంగతి అందరం అక్కడే వదిలేశాం.

9 ఆగస్టు

షెడ్డులో పిక్కలు కొట్టే రవణమ్మకి జ్వరం. మిగతా ఇద్దరూ పూండిలో చుట్టాలింటికి పోయారు. షావుకారుకి రేపటికల్లా జీడిపప్పు అందాలి. అమ్మ ఒక్కత్తే కొడుతోంటే చూడలేక నేనూ పీట వేసుకున్నాను.

పిక్కలు కొట్టేముందు చేతులకి ఆముదం రాసుకోవాలి, పైన బూడిద అద్దుకోవాలి. లేకపోతే డొల్లలోని సొన తోలు కాల్చేస్తుంది. ఇది నాకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. ఇవాళ రాసుకోలేదు. వేళ్లు జారి పని సాగదనిపించింది, ఒక్క పూటే కదా అనిపించింది.

కొడుతున్నంతసేపూ ఆ ఊరు గుర్తే రాలేదు. సీటు మాట మొదలయ్యాక ఇంత నిమ్మళంగా ఎప్పుడూ లేను. "సాలు, ఇంక లెగే" అని అమ్మ రెండుసార్లు అంది. లేవలేదు.

11 ఆగస్టు

వేళ్ల కొసలు నల్లగా అయిపోయాయి. పొక్కులు. కుడిచేతి చూపుడువేలు మీద తోలు పొరలుగా లేచిపోతోంది. అన్నం కలుపుకుంటే మంట. చెంచాతో తిన్నాను.

మావ చూసి, "లండన్ ప్రాక్టీసేటి?" అన్నాడు. ఎవరికీ ఇంకేమీ తట్టలేదు. నాకూ తట్టలేదు... అనే అనుకుంటున్నాను.

14 ఆగస్టు, హైదరాబాద్

సిరా లేదు. అద్దం ఉంది. పచ్చ దీపం వెలిగే అద్దం మీద నాలుగు వేళ్లు ఆనించమన్నారు. ఆనించాను. అక్కడి అమ్మాయి అద్దం తుడిచి మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. గట్టిగా నొక్కమంది. నొక్కితే పొక్కు చితికింది.

నా చెయ్యి తిప్పి చూసింది. ఏమైందని అడిగింది. జీడిపిక్కలు అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. వేళ్లు మానాక రమ్మంది.

బయట మావ గేటు మనిషిని బతిమాలుతున్నాడు. "సూడండి బాబూ, పలాస నుంచొచ్చాం..." అంటూ. నేను పక్కన నిలబడి ఉన్నాను. ఏడవాలి కదా. ఏడుపు రాలేదు. గుండెల మీద బరువెవరో దించినట్టుంది. ఎంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గేస్తోంది.

15 ఆగస్టు

రైల్లో మావ కాగితాలే తిరగేస్తూ కూర్చున్నాడు. నేను నిద్రపోయాను. చాన్నాళ్లకి పట్టిన నిద్ర.

ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. అమ్మ వడ్డిస్తూ నా ముఖంలోకే చూసింది. "ఇన్నాళ్లూ మెతుకు దిగనేదు నీకు. ఇయ్యాల ఏటైందే?" అంది.

ఆకలేసిందన్నాను.

18 ఆగస్టు

మళ్లీ తేదీ దొరికింది. ఇరవై తొమ్మిది. అప్పుడు కూడా ముద్రలు పడకపోతే కాలేజీ తెరిచే వేళకి వీసా రాదు, సీటు పోయినట్టే. నాన్న వజ్రపుకొత్తూరు తోట నుంచి ఫోన్ చేశాడు. "సేతులు జాగ్రత్త" అని పెట్టేశాడు. ఆయనెప్పుడూ అంతే.

అమ్మ నన్ను అంట్లు తోమనివ్వదు, బట్టలు ఉతకనివ్వదు. షెడ్డు గుమ్మం ఎక్కనివ్వదు. పొద్దునా సాయంత్రం కొబ్బరినూనె రాసి పాత నూలు గుడ్డ చుడుతోంది. పెళ్లికూతురినైపోయానని రవణమ్మ వేళాకోళం. వచ్చి గుడ్డ విప్పి చూసింది, తన వేళ్లు పక్కన పెట్టింది. ఏళ్ల తరబడి పిక్కలు కొట్టి నున్నగా అయిపోయాయి, ఒక్క గీత లేదు.

"మా సేతులు ఆ అద్దం మీదెడితే మనుసులే కావంటాది కావాల" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

22 ఆగస్టు

లేత తోలు వస్తోంది. రోజూ లేవగానే కిటికీ దగ్గర వేళ్లే చూసుకుంటున్నాను. గీతలు రావాలని చూస్తున్నానా, రాకూడదనా? నాకే తెలియడం లేదు. బొటనవేలు మీద సన్నగా కనిపించాయి. చూడలేక మళ్లీ గుడ్డ చుట్టేసుకున్నాను.

25 ఆగస్టు

అన్నం సగం వదిలేశాను. అమ్మ కంచం తీసేసింది.

26 ఆగస్టు

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. షెడ్డులో పిక్కల బుట్ట, పక్కన కొయ్యసుత్తి. కూర్చున్నాను. ఊరికే కూర్చున్నాననే రాద్దామనుకున్నాను, కాని ఇక్కడ కూడా అబద్ధమెందుకు. నాలుగు పిక్కలు చాలు. ఆముదం డబ్బా అందేంత దూరంలోనే ఉంది. దాని వైపు చెయ్యి చాచలేదు. ఒక పిక్క పీట మీద పెట్టి సుత్తి ఎత్తాను.

గుమ్మంలో అమ్మ.

అరుస్తుందనుకున్నాను. వచ్చి నా చేతిలోని సుత్తి తీసుకుని ఎదురుగా కూర్చుంది. పీట మీది పిక్క తీసి బుట్టలో వేసింది. ఆ తర్వాత ఒక్కటే అంది.

"ఎల్లాలని నేకపోతే నోటితో సెప్పు. సేతులెందుకు కాల్సుకుంతావు?"

"భయమేత్తందమ్మా" అన్నాను.

"భయమైతే భయమని సెప్పు. ఎల్లనంటే ఎల్లనని సెప్పు. రెండూ ఒకటి కావు. ఏదైనా మీ మావకీ నాన్నకీ నువ్వే సెప్పాల. నాను సెప్పను." బుట్ట తన వైపు లాక్కుని చేతులకి ఆముదం రాసుకోవడం మొదలుపెట్టింది.

27 ఆగస్టు

గుడ్డలు విప్పేశాను. పది వేళ్లూ బాగున్నాయి.

28 ఆగస్టు

సాయంత్రం రైలు. మావ ఆటో తెచ్చి వీధిలో హారన్ కొడుతున్నాడు. "బేగి రాయే, బండెల్లిపోద్ది" అంటున్నాడు. అమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడింది. నా వైపు రావడం లేదు. సంచి నా కాళ్ల దగ్గరే ఉంది.

ఆ అద్దం ఈసారి నా వేళ్లని కాదనదు. ఇంక దాని మీద నెట్టేయడానికి లేదు. వెళ్తానో వెళ్లనో నేనే చెప్పాలి. మావ మళ్లీ హారన్ కొట్టాడు...