మరక పడని ఎరుపు

లచ్చమ్మా,

నీ సంవత్సరీకం నాడు ఇంత సంబరంగా రాస్తాననుకోలేదు. మన బిడ్డ సుజాత చిరివేరుతో నూలుకు ఎరుపు ఎక్కించింది! మీ అవ్వ కాలంలో రుమాళ్లకు ఆ వేరు రంగే వేసేవాళ్లని, డబ్బాల రంగు పొడి వచ్చాక అందరూ దాన్ని మరిచారని ఎన్నిసార్లు చెప్పావో! ఆ ఎరుపు ఒక్కసారి చూడాలని నీ కోరిక.

మొదటిసారి వేరు ఉడికించి నూలును నేరుగా ముంచితే, ఉతకగానే రంగంతా పోయింది. పిల్ల ఏడ్చింది. ఈసారి నువ్వు చెప్పినట్లే ముందు నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టింది.

ఈ పొద్దున ఉతికిన నూలు పట్టుకొచ్చి, "బాపూ, నీ దోతి కొస ఇటియ్యి" అంది.

"గిది కొత్తది బిడ్డా, పాతది తెస్తా ఆగు!"

"అమ్మ అడిగినా గిట్లనే లొల్లి చేస్తుంటివి."

రంగు దిగుతుందేమో చూడటానికి, నీలాగే తడి నూలును దోతి కొసలో చుట్టి గట్టిగా పిండింది. విప్పి చూస్తే ఒక్క మరక లేదు! నూలు మాత్రం దానిమ్మ గింజలా ఉంది. వాడనంతా పిలిచి చూపించాను.

నువ్వు రంగులు వేసినన్నాళ్లూ నా దోతికి మరక లేని రోజు లేదు. నువ్వు పోయాక అన్నీ తెల్లగానే ఉంటున్నాయి. ఆ తెలుపు చూసి సంతోషపడింది ఇవాళే.