పేలిన పిక్చర్ ట్యూబు

అవనిగడ్డ

తమ్ముడు మురళీధర్‌కి,

ఫోన్‌లో మాట్లాడితే మీ బావ వింటారని ఉత్తరం రాస్తున్నాను. ఇది ఎవరికీ చూపించకు.

ఆదివారం గుడివాడ నుంచి నీ స్నేహితుడు శ్రీపతి వచ్చాడు. మా అటక మీది పాత టీవీలో లక్షలు పలికే ఎర్ర పాదరసం ఉంటుందని, అది దొరికితే మా దశ తిరిగిపోతుందని మీ బావని నమ్మించాడు. ఇద్దరూ పెరట్లో పిక్చర్ ట్యూబు బయటికి తీశారు. ముందువైపు అద్దం మీద సుత్తితో ఎంత కొట్టినా పగల్లేదు.

"వెనక కొట్టండి బావగారూ, అక్కడ పల్చగా ఉంటుంది" అని చెప్పి, శ్రీపతి మాత్రం గోడ చాటుకి వెళ్లాడు. ఒక్క దెబ్బకే ట్యూబు బాంబులా పేలింది. గాజు పెంకు ఒకటి మీ బావ కంట్లో గుచ్చుకుంది. అది చూసి శ్రీపతి అటునుంచి అటే జారుకున్నాడు. పాదరసం లేదు, ఏమీ లేదు.

కన్ను దక్కిందని బందరులో డాక్టరు గారన్నారు. చూపు ఇంకా మసకే.

మా వీధిలోని టీవీ మెకానిక్‌ని అడిగాను. "ట్యూబు లోపల గాలి ఉండదమ్మా. పగిలితే బయటి గాలి ఒక్కసారిగా తోసుకొస్తుంది, పెంకులు ఎగురుతాయి. ట్యూబులు పగలగొట్టే వాళ్లందరికీ తెలిసిందే" అన్నాడు. అయితే శ్రీపతి తెలిసే చాటుకి వెళ్లాడా?

అసలు మా అటక మీద టీవీ ఉందని అతనికెవరు చెప్పారు? దాన్ని అక్కడికి ఎక్కించింది నువ్వూ నేనే కదా.

నిన్న అతను ఫోన్ చేసి, ట్యూబులో ఏమైనా దొరికిందా అని అడిగాడు. సాయంత్రం నువ్వూ చేశావు. ట్యూబు తీసిన సంగతీ, పేలిన సంగతీ నేను నీకింకా చెప్పనే లేదు. అయినా నువ్వు అడిగింది కూడా ట్యూబు గురించేరా, మీ బావ కన్ను గురించి కాదు.

మీ అక్క