స్క్రూడ్రైవర్ పిడితో విన్నది

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున చిట్కుల్ బడిలో ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతుంటే సునీత అనే పిల్ల లేచింది. "టీచర్, హియర్ అన్నా లిజన్ అన్నా ఇనుడే గదా? గిట్ల రెండెందుకు?"

పుస్తకంలోని జవాబు చెప్పబోయి ఆగాను. ఫ్యాక్టరీ మోతలో ఇరవై ఏళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్న నీ సంగతి చెప్పాను. పక్కన నిలబడి కేకేసినా నీకు వినపడేది కాదు. అయినా ఒకరోజు, మా అందరికీ బాగానే తిరుగుతున్నట్టు అనిపించిన బావి మోటారుకు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కుకుని కళ్లు మూసుకున్నావు. "బేరింగ్ పోతున్నది. జల్దీ బంద్ చెయ్యి చెల్లే" అన్నావు. విప్పి చూస్తే అది అరిగిపోయి ఉంది.

ఇది విని సునీత కిటికీ ఊచకు తన స్కేలు ఆనించి, రెండో కొసను చెవి వెనక పెట్టుకుని, దూరంగా నడుస్తున్న ఫ్యాక్టరీ మోత వినడం కోసం కళ్లు మూసుకుంది.

బడి గంట మోగింది అన్నా. ఆ పిల్లకు వినపడలేదు.

నీ చెల్లె