థ్రూ ప్రాపర్ ఛానెల్

3 ఫిబ్రవరి 1986, సోమవారం

రత్న పుట్టింటికి పోయి ఈరోజుకి నలభై రోజులు. ధారావి ఏమంత దూరం! బొంబాయి సెంట్రల్ నుంచి మాహిం దాకా లోకల్, ఆపైన నడక. అయినా నేను పోలేదు. తిరిగి రమ్మని మా ఆఫీసు పద్ధతిలో కబురు పెట్టాను.

ఆఫీసంటే ఫోర్టు ఏరియాలో ఫ్రీమేసన్ల హాలు. తలుపులేసుకుని రహస్యంగా మీటింగులు పెట్టుకునే సంఘం వాళ్ళది. అక్కడ ఎనిమిదేళ్ళుగా నేను టైపిస్టుని. వాళ్ళ శాఖని లాడ్జి అంటారు. దేశం మొత్తానికి పెద్ద లాడ్జి ఒకటే, ఢిల్లీలో. దానికింద తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు. ఆ నాలుగింటి కింద ఊళ్ళలో చిన్న లాడ్జీలు. పుణె వాళ్ళు ఢిల్లీకి ఏం చెప్పుకోవాలన్నా మా పడమటి ఆఫీసు మీదుగానే పోవాలి. జవాబూ ఆ మెట్లే దిగి రావాలి. ఈ పద్ధతంటే నాకు భలే ఇష్టం.

అందుకే అమ్మకు చెప్పాను. అమ్మ మేమంతా అద్దెకుండే చాల్ బిల్డింగు పెద్దమనిషి రాజమల్లు పెద్దనాయనకు చెప్పింది. ఆయన నా బామ్మర్ది యాదయ్యకు చెప్తాడు. యాదయ్య రత్నకు.

9 ఫిబ్రవరి

జవాబు లేదు.

12 ఫిబ్రవరి, ఉదయం 6

నల్లా దగ్గర రత్న బిందె పట్టుకుని లైనులో నిలబడ్డాను. ఆడవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వనీ. ఆ బిందె సొట్ట మీద ఆమె వేలు ఆనేచోట నా వేలు పెట్టాను. ఏడుపొచ్చింది.

నిజం రాస్తాను. మా హాలుని ఊళ్ళో జాదూఘర్ అంటారు, అంటే మాయల ఇల్లు. ఆ జాదూఘర్‌ల తలుపులేసుకోని ఏం జేస్తరని పెళ్ళయిన నాటి నుంచి రత్న అడిగేది. రహస్యం అని మీసం దువ్వేవాణ్ణి. నాకేం తెలుసు, నా మొహం! నేను మెంబర్ని కాను. మీటింగ్ జరిగేటప్పుడు ఆ గదిలో అడుగైనా పెట్టలేదు. ఆ పోజే అలవాటై ఇంట్లో మాట్లాడటమే మానేశాను. గోడతోని కాపురం జేసుడు నాతోని గాదని పెట్టె సర్దుకుంది.

18 ఫిబ్రవరి

జవాబొచ్చింది. యాదయ్య పెద్దనాయనకు, ఆయన అమ్మకు, అమ్మ నాకు. రత్న బాగుందట. అంతే. బయల్దేరినప్పుడు అది ఎంత పెద్ద మాటో, దారిలో ఎవరి దగ్గర ఎంత జారిపోయిందో!

22 ఫిబ్రవరి, శనివారం

సాయంత్రం మీటింగ్. లోపలందరూ ఉన్నారు. తలుపు బయట కత్తి పట్టుకుని శంకర్రావు కాపలా. ఆయనా మెంబరే, మంచి మనిషి. ఎనిమిదేళ్ళుగా దాచుకున్న మాట ఆయనకు చెప్పేశాను. ఎప్పుడో ఒకరోజు నన్నూ లోపలికి పిలుస్తారని చూస్తున్నానన్నాను.

ఎవరూ పిలవరు భాయ్ అన్నాడు. ఢిల్లీ, బొంబాయి అన్నీ తర్వాతి మాటట. కావాలనుకున్నవాడు ముందు తనంతట తానే అడగాలి. వచ్చి మూడుసార్లు తలుపు తట్టాలి. మధ్యలో ఇంకెవరితోనైనా అడిగించకూడదా అన్నాను. పకపకా నవ్వాడు.

అడగందే అమ్మయినా పెట్టదని మా అమ్మే వెయ్యిసార్లు అంది. ఎనిమిదేళ్ళు పోతే పోయాయి. రత్న లేక యాభై తొమ్మిది రోజులు. అవి నేను భరించలేను.

23 ఫిబ్రవరి, ఆదివారం

ధారావి. మూడుసార్లు తట్టాను.

ఎవరు పంపిండ్రని లోపలినుంచి రత్న అడిగింది. ఎవరూ పంపలేదు, నేనే అన్నాను.

ఆ జాదూఘర్‌ల ఏం జేస్తరో ఇప్పుడన్న చెప్తవా అంది.

నాకు తెల్వదు రత్నా, ఎన్నడూ తెల్వదు అన్నాను.

గడియ తీసింది.