పెద్దింటి మేనమామ

రాస్ లఫాన్ క్యాంప్, ఖతర్
5-1-1996

అవ్వకు దండం పెట్టి రాసేది,

మార్చి రెండున చెల్లె మమత బిడ్డ పుట్టువెంట్రుకలకు మేనమామగా నా ఒడే ఉండాలి. తప్పక వస్తాను. సెలవు కోసం పెట్టిన చుట్టీ కాగితం మీద మా సెక్షన్ అధికారి టియర్నీ సాబ్ సంతకం ఒక్కటే మిగిలింది. ఆయనది ఐర్లాండ్. కరువుకు ఓడెక్కి పోయిన ముత్తాత అన్నదమ్ముల జాడ కోసం ఉత్తరాలు రాస్తూ కూర్చుంటాడు. నా కాగితం ఆ ఉత్తరాల కింద ఉంది.

నీ కొడుకు
నర్సింలు

తా.క. వాళ్ళ దేశంలో వంశం పాడేవాళ్ళే లేరట.

22-1-1996

నర్సింలూ, దుబాయ్‌ల పైలంగుండు బిడ్డా.

తాతల పేర్లు తెల్వనోడు సాబెట్లయిండు? మన వంశం పాడే పోశన్నను పిలిపిచ్చిన. పొద్దుందాక పాడిండు. మన తాతలల్ల గూడ కరువుకు గొర్లు తోలుకపోయిన పెద్దోడు మళ్ళ రాలేదట. ఇంకేంది, ఆ సాబు దేశంలనే తేలిండు. సాబు ఆ పెద్దింటోడే, మన దాయాది, పాలోడే. పాలోడు చుట్టీ ఇయ్యడా?

మీ అవ్వ
రాములవ్వ

తా.క. రాసేది నేను, మమత మొగుడు నగేష్‌ను. బావా, పాడినందుకు పోశన్న కొట్టుకపోయిన గొర్రె నాది.

8-2-1996

అవ్వకు దండాలు.

చెప్పాను. సాబ్ మొదట నవ్వాడు. తర్వాత మన ఎనిమిది తరాలూ రాసుకున్నాడు. నలభై చర్చీలకు రాస్తే జవాబిచ్చింది నువ్వొక్కదానివేనట. సంతకం పెట్టాడు! ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన దిగుతాను.

నర్సింలు

తా.క. పాపం, సాబ్ చిన్నాయన ఐర్లాండ్‌లో చనిపోయాడు.

22-2-1996

నర్సింలూ, ఎంత పని చేసినవ్‌రా!

పాలోని ఇంట్ల చావంటే మనకు మైల గాదా? ఇంటికి ఇయ్యాల తెల్సింది, ఇయ్యాల్టి నుంచి పదకొండు దినాలు, రెండు తారీకు అండ్లనే పడె. మైల ఇంటి మేనమామ ఒడిల పిల్లను కూసోబెడ్తరా? ఏప్రిల్‌కు జరిపినం. అప్పుడే రా. సాబును గుండు కొట్టిచ్చుకొమ్మను. పెద్దింటోడు ఉండంగ చిన్నింటోడు ముందు పడొద్దని పోశన్న అంటుండు. సాబుకు చెప్పు, మురుస్తడు. మన ఊరి లియాఖత్ అలీ రేపే మీ దిక్కు విమానం ఎక్కుతుండు, ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్న.

అవ్వ

తా.క. బావా, నీ తా.క. మనసుల చదువుకుంటే అయిపోతుండె. అలవాటుకొద్ది పైకి చదివిన. – నగేష్

15-3-1996

అవ్వకు దండాలు.

చెప్పాను. మురిశాడు. గుండు కొట్టించుకున్నాడు, హెల్మెట్ వదులైంది. నా చుట్టీ ఏప్రిల్‌కు మార్చమన్నాను. మా సెక్షన్లో ఒకేసారి ఇద్దరికి చుట్టీ లేదు. "పెద్దింటోడు ఉండంగ నువ్వెట్ల ముందు పడ్తవని మీ అవ్వే అన్నది గద" అని నా కాగితం సొరుగులో పెట్టి, మేనమామగా కూర్చోవడానికి తనే మన ఊరికి టికెట్ తీసుకున్నాడు. పిల్లను ఒడిలో పట్టుకోవడం సిమెంటు బస్తాతో నేర్పాను. కూరలో కారం తగ్గించు.

నర్సింలు

తా.క. నా కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి ఏప్రిల్‌లో మన ఇంట్లోనే ఉంటాడు. నగేష్‌కు చెప్పు, సాబ్ విందుకు ఇంకో గొర్రె పోయినట్టే.